గురి కుదరడం

ఎగ్జిబిషనులో బెలూన్ల దుకాణం ముందు నిలబడి, భార్యాబిడ్డలు చూస్తూండగా గాలి తుపాకి ఎత్తి నాలుగు బెలూన్లయినా పగలగొట్టి తీరాలని పట్టుబట్టని గృహస్థు మన దేశంలో అరుదు. పగిలితే ఆ ప్రతిభ మనది. పగలకపోతే తప్పు తుపాకిది. చాలామట్టుకు ఆ మాట నిజమే కూడాను. వెయ్యిమంది చేతుల్లో నలిగి, పదిమార్లు కిందపడి, గొట్టం చివరనున్న గురిబొడిపె ఓ పక్కకి వొరిగిపోయిన ఆ తుపాకి, అర్జునుడి చేతికిచ్చినా పక్క బెలూన్నే కొడుతుంది.

గాలి తుపాకి అంటే మనకు తెలిసింది అంతవరకే. అంచేత, మా వీధిలో ఒక బ్యాంకు ఉద్యోగిగారు తమ పధ్నాలుగేళ్ల అమ్మాయికి గాలి తుపాకి కొనబోతున్నారనీ, దాని ఖరీదు వందల్లో కాదు, వేలల్లోనూ కాదు, లక్షల్లో వుంటుందనీ తెలిసేసరికి వీధి వీధంతా నివ్వెరపోయింది. అమ్మాయి నాయనమ్మగారయితే మూడురోజులు కొడుకుతో సరిగా మాట్లాడలేదు. "ఆడపిల్లకి తుపాకేమిట్రా, ఆ డబ్బు పెట్టి దాని పేర నాలుగు గాజులు చేయించు, పడివుంటాయి" అన్నది ఆవిడ వాదం. మధ్యతరగతి సంసారాల్లో ఇంతకంటే బలమైన వాదం మరొకటి లేదు. గాజులకు తరుగు వుండవచ్చుగాని వ్యర్థమన్నది లేదు. తుపాకి అల్లా కాదు. పిల్ల రేపు పదో తరగతి పరీక్షలొచ్చి మానేస్తే అటక మీద వుండేది లక్షల ఖరీదు చేసే ఇనుప కడ్డీ.

ఆయన నా దగ్గరకొచ్చారు. తెలుగు మేష్టారికీ తుపాకికీ ఏమిటి చుట్టరికమని మీరడగవచ్చు. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు షూటింగు కోచి. అమ్మాయి నేర్చుకుంటున్నది అతని దగ్గరే. "మేష్టారూ, మీరడిగితే ఉన్నదున్నట్టు చెబుతాడు. నేనడిగితే మొహమాటపడతాడేమో" అన్నారు. అల్లా నాకీ విద్యతో కాస్త పరిచయమైంది. తెలిసిన సంగతులు నలుగురితో చెప్పుకోదగ్గవిగా వున్నాయి గనక రాస్తున్నాను.

ముందు లక్ష్యం సంగతి. పది మీటర్ల దూరాన ఒక అట్ట. దాని మీద 30.5 మిల్లీమీటర్ల వ్యాసం గల నల్లటి బిళ్ళ. అంటే పాత రూపాయి బిళ్ళకంటే ఏమంత పెద్దది కాదు. దాని మధ్య ఒక చుక్క. ఆ చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. కలంతో ఫుల్‌స్టాప్ పెడితే అంతకంటే పెద్దదే పడుతుంది. తుపాకి గుండు 4.5 మిల్లీమీటర్లు. గుండు అంచు ఆ చుక్కకు తగిలితే పది మార్కులు. అంటే గుండు మధ్యభాగం లక్ష్యం మధ్యనుంచి రెండున్నర మిల్లీమీటర్లలోపు పడాలి. అక్కడితో ఆగితే బాగానే వుండును. పదిలో మళ్ళీ పది భాగాలు చేశారు. అచ్చంగా మధ్యలో పడితే 10.9. పావు మిల్లీమీటరు పక్కకి పోయినకొద్దీ ఒక్కొక్క దశాంశం తగ్గిస్తారు. ఇల్లా 75 నిమిషాల్లో 60 గుళ్ళు కాల్చాలి. నిలబడి కాల్చాలి. 60 గుళ్ళకూ కలిపి గరిష్ఠం 654.

మరి రెండున్నర మిల్లీమీటర్ల తేడా రావడానికి తుపాకి కొన ఎంత కదలాలి? కంటి దగ్గరి గురికీ గొట్టం చివరి గురికీ నడుమ ముప్పాతిక మీటరు దూరం వుందనుకోండి. త్రైరాశికం వేస్తే గొట్టం చివర ఒక మిల్లీమీటరులో అయిదోవంతు కదిలితే చాలు, పది కాస్తా తొమ్మిదైపోతుంది. రెండు మూడు వెంట్రుకల మందం! గుండెకాయ కొట్టుకుంటేనే అంతకంటే ఎక్కువ కదులుతుంది. ఇది విన్న తరువాత లక్షల ఖరీదు మాట నాకంత వింతగా తోచలేదు.

తుపాకి మనిషికి అమరకపోతే ఈ ఆట లేదని కోచి చెప్పాడు. అమ్మాయి ఏడాదిపాటు క్లబ్బు తుపాకితోనే నేర్చుకుంది. కాని ఆ తుపాకితో పొద్దున్న ఆరడుగుల కుర్రవాడు కాలుస్తాడు, తొమ్మిదింటికి పన్నెండేళ్ల పిల్ల కాలుస్తుంది, సాయంత్రం ఈమె. ఎవరికి వారు స్క్రూలు విప్పి తమకు తగ్గట్టు జరుపుకుంటారు. మన సైకిలు సీటు ఇంటిల్లిపాదీ ఎక్కించి దించినట్టు. నిన్న బాగా కొట్టినప్పుడు ఏది ఎక్కడ వుందో ఇవాళ ఎవరికీ తెలియదు. "మాస్టారూ, ఆ పిల్ల రోజూ కొత్త తుపాకితో కొత్త పాఠం మొదలుపెడుతోంది. పెద్ద తుపాకి అక్కర్లేదు, తనదంటూ ఒకటి వుండాలి" అన్నాడు. అప్పటికి ఆమె క్లబ్బు తుపాకితోనే 600 దాటుతోంది.

కొనడానికి చట్టం అడ్డురాదా అన్నది తరువాతి ప్రశ్న. మన ఆయుధ నియమావళి, 2016 ప్రకారం గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లకూ, శక్తి 20 జౌళ్లకూ మించని గాలి తుపాకి వుంచుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. పోటీల తుపాకుల శక్తి ఏడెనిమిది జౌళ్ల ప్రాంతం. కొనేవారు గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చూపాలి. అంగడివాడు అది రాసుకుంటాడు. లైసెన్సు అక్కర్లేదు గదా అని దొడ్లో జామచెట్టు మీది చిలకల్ని కొట్టే ఆట మాత్రం కాదిది. పక్షుల్ని కొట్టడం వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. ఆ వ్యసనం ఎంతవరకు పోయిందంటే, అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ప్రభుత్వమే గాలి తుపాకులు స్వచ్ఛందంగా అప్పగించండి మహాప్రభో అని జనాన్ని వేడుకుంటూ ఒక ఉద్యమం నడపవలసి వచ్చింది.

ఇక రకాలు. బెలూన్ల దుకాణంలో వుండేది స్ప్రింగు తుపాకి. గొట్టాన్ని మడిచినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట లాగగానే విచ్చుకుని ముషలకాన్ని ముందుకు తోస్తుంది. దానిముందున్న గాలి గుండును నెడుతుంది. చిక్కేమిటంటే, గుండు ఇంకా గొట్టంలో వుండగానే స్ప్రింగు దెబ్బకు తుపాకి ఉలిక్కిపడుతుంది. వెంట్రుకవాసి లెక్కలో ఆ ఉలికిపాటు చాలు. జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఓబర్న్‌డోర్ఫ్ అనే చిన్న వూరుంది. మౌజర్ తుపాకుల వూరది. యుద్ధం తరువాత అక్కడి ఇంజనీర్లు ఇద్దరు పెట్టిన ఫైన్‌వెర్క్‌బావ్ అనే కంపెనీ, 1960లలో ఈ ఉలికిపాటుకు చక్కని ఉపాయం కనిపెట్టింది. లోపలి యంత్రాన్ని చిన్న పట్టాల మీద వెనక్కి జారనిచ్చారు. అదురు దానితో పోయి, కాల్చేవాడి చెంపకు తెలియకుండా వుంటుంది. ఇప్పుడా బెడదే లేదు. నేటి పోటీ తుపాకుల్లో స్ప్రింగు బదులు గాలి సిలిండరు వుంటుంది. అందులో 200 బార్ల వొత్తిడితో గాలి నింపుతారు. మన స్కూటరు చక్రంలో వుండేది రెండు బార్ల చిల్లర, దాన్నిబట్టి వూహించుకోండి. ఒక రెగ్యులేటరు ప్రతి గుండుకూ సరిగ్గా ఒకే కొలత గాలి వదులుతుంది. తుపాకి కిక్కురుమనదు.

ఫైన్‌వెర్క్‌బావ్, ఉల్మ్ పట్నంలోని వాల్టర్, అన్షుట్జ్, ఇవీ ప్రపంచమంతా వాడే పేర్లు. మన దేశంలోనూ ముంబయి ప్రెసిహోల్ వంటి సంస్థలు ఈ రకం తుపాకులు తయారుచేస్తున్నాయి. ఖరీదు విదేశీవాటికంటే బాగా తక్కువ. మొదటి తుపాకిగా దేశీయం చాలునన్నవారూ వున్నారు, రేపెల్లాగూ కొనక తప్పనిది ఇప్పుడే కొనెయ్యమన్నవారూ వున్నారు. నన్నడిగితే, పిల్ల ఇంకా రెండేళ్లు ఈ ఆటలో వుంటుందో వుండదో తెలియనప్పుడు ముందు దేశీయంతో సరిపెట్టడంలో తప్పులేదంటాను. కోచి మాత్రం, "వుంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాట మీద బ్యాంకుగారు ప్రావిడెంటు ఫండు అప్పుకు దరఖాస్తు పెట్టారు.

ఇల్లాంటి తండ్రులు లోగడా వున్నారు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కోసం వాళ్ళ నాన్నగారు స్థలం అమ్మి తుపాకి కొన్నారని పత్రికల్లో చాలామార్లు వచ్చింది. ఆ కుర్రవాడు 2003లో హైదరాబాదులోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఆయన పెట్టిన శిక్షణశాలలో తయారైన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. స్థలాలు అమ్మిన తండ్రులందరి కొడుకులూ ఒలింపిక్స్‌కు వెళ్లరు. పేపర్లలో వెళ్ళినవారి సంగతే పడుతుంది. ఈ మాట బ్యాంకుగారితో అన్నాను. "తెలుసండీ. వెళ్ళకపోయినా, నాన్న కొనలేదన్న మాట మిగలకూడదు గదా!" అన్నారాయన. దానికి జవాబేముంది?

తుపాకి వచ్చింది. సూటుకేసుకంటే పొడుగాటి పెట్టెలో, నల్లటి నురగ దిండ్ల నడుమ, పురుటి బిడ్డలా పడుకుని వుంది. అది తుపాకిలా లేదని నాయనమ్మగారి తొలి అభిప్రాయం. నిజమే. చెక్కపని తక్కువ, అల్యూమినియం ఎక్కువ. ఎక్కడ చూసినా స్క్రూలూ, అంకెలు చెక్కిన గీతలూను. ఇంజెక్షన్ల ఆస్పత్రిలోంచి వచ్చినట్టుంది గాని వేటకాడి భుజం మీదినుంచి వచ్చినట్టు లేదు.

అమర్చడం అన్నది ఇక్కడ మొదలవుతుంది. కొత్తబట్టలు కొన్నాక టైలరు దగ్గరకు పోవడంలాంటిది. అయితే టైలరు ఒక పూటలో కొలతలు తీస్తాడు. దీనికి కోచి మూడు వారాలు పడుతుందన్నాడు. వరస తప్పకూడదట. మొదట తుపాకి లేకుండా పిల్లను నిలబెట్టాడు. కాళ్ళెంత ఎడం, నడుము ఎటు వొంపు, ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఎక్కడ ఆనుతుంది. ఈ ఆటలో తుపాకిని కండబలంతో మొయ్యరు, ఎముకల మీద నిలబెడతారు. కండ అలిసిపోయి వణుకుతుంది. ఎముకకు అలుపు లేదు. నియమాల ప్రకారం తుపాకి అయిదున్నర కిలోలు మించరాదు. ఈ పిల్లది అంతకంటే తేలికే అయినా, గంటంబావు ఎత్తి దించుతూ వుండాలంటే మాటలా?

తరువాత బట్ ప్లేటు, అంటే భుజానికి ఆనే భాగం. దాని పొడుగు, ఎత్తు. పొడుగెక్కువైతే పిల్ల వెనక్కి వాలుతుంది, తక్కువైతే ముక్కు వెళ్ళి గురికి తగులుతుంది. ఎదిగే పిల్లకు పావడా కుట్టించేటప్పుడు అంచు లోపల నాలుగంగుళాలు మడిచి కుట్టించుకుంటాం చూడండి, అల్లాగే ఈ తుపాకిలో వెనకభాగం జరుపుకోవడానికి చోటు వదిలారు. నాయనమ్మగారికి ఈ ఏర్పాటు నచ్చింది. "బుద్ధిమంతుడే చేశాడు" అన్నారు.

ఆ తరువాత చెంప ఆనించే ముక్క. తలను తుపాకి దగ్గరకు వంచకూడదు. తుపాకే తల దగ్గరకు రావాలి. మెడ నిటారుగా వుండి, చెంప తన బరువుతో అల్లా ఆనగానే కన్ను సూటిగా గురి కంతకు ఎదురుగా వుండాలి. ఎక్కించారు, దించారు, పక్కకు జరిపారు. ఒక పూటంతా దీనికే సరిపోయింది.

ఇవన్నీ కుదిరాక పరీక్ష ఒకటుంది. తుపాకి ఎత్తి గురిచూసి, కళ్ళు మూసుకుని, రెండు మూడు సార్లు వూపిరి వదిలి, కళ్ళు తెరవాలి. తుపాకి ఇంకా లక్ష్యం మీదే వుంటే శరీరం సరిగా నిలిచిందన్నమాట. పక్కకు పోయివుంటే చేత్తో లాగి సరిచేసుకోకూడదు, పాదాలు జరుపుకోవాలి. చేత్తో సరిచేసిన గురి, మీట లాగే క్షణాన తన దారి తాను చూసుకుంటుంది.

గురి దగ్గర కాస్త ఆగుతాను. మన సభల్లో ఏకాగ్రత మాటొస్తే చాలు, ద్రోణుడూ చెట్టు మీది పక్షీ రాక తప్పదు. అర్జునుడికి పక్షి కన్ను తప్ప మరేమీ కనబడలేదన్నది మనకు పాఠం. ఈ విద్యలో ఆ పాఠం చెల్లదు. కంటి దగ్గర సన్నని కంత వున్న డయాప్టరు వుంటుంది. గొట్టం చివర ఒక చిన్న వలయం. ఆ వలయం మధ్యలో లక్ష్యపు నల్లబిళ్ళ కనబడుతుంది. మధ్యలోని చుక్క అసలు కనబడనే కనబడదు! కన్ను స్పష్టంగా చూడవలసింది తన ముందున్న వలయాన్ని. దూరపు నలుపు కొద్దిగా మసకగా వున్నా బాధలేదు. వలయానికీ నలుపుకీ నడుమ చుట్టూ సమానంగా తెల్లటి అంచు వుందా అన్నదొక్కటే ప్రశ్న. అమ్మాయి ఏం కనబడుతోందంటే, "గుండ్రంలో గుండ్రం, బాబాయిగారూ" అంది. వలయం మరీ చిన్నదైతే గురి బాగా కుదిరినట్టు అనిపిస్తుందట గాని, తెల్ల అంచు సన్నబడి కన్ను అలిసిపోతుంది. కొత్తవాళ్ళు చిన్నదే కోరుకుంటారు. కోచి పెద్దది వేశాడు.

డయాప్టరుకు రెండు మరలు. ఒకటి పైకీ కిందికీ, ఒకటి పక్కలకీ. తిప్పితే టిక్కుటిక్కుమంటాయి. వాటి మీద జర్మను అక్షరాలు: హోఖ్ అంటే పైకి, టీఫ్ అంటే కిందికి, రెఖ్ట్స్ అంటే కుడి, లింక్స్ అంటే ఎడమ. ఇందులో ఒక తమాషా వుంది. గుండు పైన పడుతోందనుకోండి, మనబుద్ధికి "కిందికి" అన్న వైపు తిప్పాలనిపిస్తుంది. జర్మనువాడి పద్ధతి వేరు. పైన పడితే "పైకి" అని రాసివున్న వైపే తిప్పాలి. ఆ అక్షరం మందు పేరు కాదు, రోగం పేరు! ఇది తెలియక, తిప్పినకొద్దీ గుండు ఇంకా పైకి పోతూంటే తుపాకి పాడైపోయిందని గోలపెట్టినవారు ఎంతమందో వున్నారని కోచి నవ్వాడు.

ఇంకో మాట. ఒక్క గుండు చూసి మర తిప్పకూడదు. అయిదో పదో కాల్చి, అవన్నీ ఒకచోట గుంపుగా పడ్డాక, ఆ గుంపు మధ్యభాగం లక్ష్యం నడుమనుంచి ఎంత దూరమో చూసి అప్పుడు తిప్పాలి. గుంపే పడకుండా చెదిరిపోతే లోపం గురిలో లేదు, నిలబడటంలోనో మీట లాగటంలోనో వుంది. పరీక్షపేపర్లు దిద్దేవాణ్ణి గనక ఇది నాకు వెంటనే పట్టుబడింది. ఒక్క తప్పును బట్టి విద్యార్థిని అంచనా వెయ్యలేం. అదే తప్పు అయిదుచోట్ల కనబడితే ఏం చెప్పాలో తెలుస్తుంది.

గుళ్ళ సంగతి మరీ విచిత్రం. సీసపు గుళ్ళు, ముందు భాగం బల్లపరుపుగా వుంటుంది; కాగితంలో గుండ్రంగా, శుభ్రంగా కన్నం పడాలని. ఒకే కంపెనీ, ఒకే రకం డబ్బాల్లో కూడా తల వ్యాసం 4.49, 4.50, 4.51 అని తేడాలుంటాయి. ఏ తుపాకికి ఏది నచ్చుతుందో ముందు చెప్పలేరు. తుపాకిని బల్లకు పట్టకర్రలా బిగించి, మనిషి ప్రమేయం లేకుండా, ఒక్కొక్క డబ్బాలోంచి పదేసి గుళ్ళు కాల్చి చూస్తారు. ఒక డబ్బా గుళ్ళన్నీ ఒకే కన్నంలోంచి పోయినట్టు పడ్డాయి. మరొక డబ్బా, అంతకంటే ఖరీదైనది, చెదరగొట్టింది. జాతకాలు కలవలేదన్నమాట. ఇక్కడ ఇళ్లలోని తల్లులకు ఒక మనవి. ఇది సీసం. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లల్ని భోజనానికి కూర్చోనివ్వకండి. గుళ్ళు నోట్లో పెట్టుకోవడం, ఆ చేత్తో జంతికలు తినడం పనికిరాదు.

ఇంతవరకూ సవ్యంగానే నడిచింది. నాలుగో వారంలో అమ్మాయి మేనమామ సెలవు మీద వచ్చాడు. ఇంజనీరు. మనిషి మంచివాడు, మేనకోడలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోతూంటే మామా కోడళ్ళిద్దరూ పెట్టె తెరిచారు. మీట ఇంకా తేలిక చేస్తే బాగుంటుందన్నాడు మామ, చేశాడు. గొట్టానికి తగిలించే బరువు బిళ్ళ ముందుకు జరిపితే నిలకడ వస్తుందన్నాడు; జరిపాడు. చెంప ముక్క "కొంచెమే" ఎత్తాడు. ఏ స్క్రూ ఎన్ని గీతలు కదిలిందో ఎవరూ రాసుకోలేదు. సోమవారం రాత్రి రైలుకు మామ వెళ్ళిపోయాడు.

ఆ వారం 600 దాటే పిల్ల 580 దగ్గర పడింది. తరువాతి వారం 574. పిల్ల మామ పేరు చెప్పలేదు. అసలు తుపాకి మారిందన్న వూహే ఆమెకు రాలేదు. తనకే చేతకావటం లేదనుకుంది. నాన్న అప్పు చేశాడు, నాయనమ్మ గాజులు మానుకుంది, తీరా చూస్తే తనలో సరుకు లేదు. పధ్నాలుగేళ్ల పిల్ల ఈ లెక్కంతా మనసులో వేసుకుని, అన్నం సగంలో వదిలి లేచిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు, "నాన్నా, కొత్తగా వుండగానే అమ్మేస్తే మంచి ధర వస్తుందట" అందట. ఆ మాట నాతో చెబుతూ బ్యాంకుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ వుండిపోయారు.

కోచి కంగారుపడలేదు. "ఏం మారింది?" అని అడిగాడు. పిల్ల ఏమీ లేదంది. మళ్ళీ అడిగాడు. అప్పుడు ఆదివారం సంగతి బయటపడింది. మీట మరీ తేలికైపోయి, మనసు సిద్ధం కాకముందే పేలిపోతోంది. అది భయమై, వేలు మీట మీద పెట్టటానికే సంకోచిస్తోంది. చెంప ముక్క ఎత్తు పెరిగి కన్ను కంతకు పైగా పోయింది. సరిచేసుకోవడానికి తెలియకుండానే మెడ బిగిస్తోంది. అన్నిటినీ తిరిగి మొదటినుంచీ అమర్చాడు. రెండువారాలు పట్టింది. అప్పుడొక నోటుబుక్కు కొనిపించాడు. ప్రతి స్క్రూకి ఒక పేజీ. తేదీ, ఏ గీత మీద వుంది, ఎందుకు మార్చాం, మార్చాక ఏమైంది. రోజుకు ఒక్కటి కంటే ఎక్కువ మార్చరాదు. ఎవరు చెప్పినా సరే. "మీ మామయ్యే కాదు, నేను చెప్పినా సరే" అన్నాడు.

ఆ రోజు అతను పిల్లకు అభినవ్ బింద్రా కథ చెప్పాడు. మన దేశానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవాడు. 2008లో, బీజింగులో, ఈ పది మీటర్ల గాలి తుపాకితోనే. తుది పోటీకి ముందు సరిచూసుకోవడానికి కాల్చిన గుండు నాలుగులో పడిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. అంతవరకు పదులు కొడుతున్న మనిషికి నాలుగు! ఎవరో తన తుపాకి గురిని కదిపారని ఆయన నమ్మకం. అది నిజమో కాదో మనం తేల్చలేం. కాని చూడవలసింది అది కాదు. నాలుగు చూడగానే నా చెయ్యి పోయింది అనుకోలేదు. ఈ తప్పు తనది కాదని ఆయనకు తెలుసు, ఎందుచేతనంటే తన తుపాకి ఎల్లా వుండాలో తెలుసు. వున్న కొద్ది నిమిషాల్లో మరలు తిప్పి సరిచేసుకున్నాడు. పోటీలో ఆఖరి గుండు 10.8.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, "ఆయనకి మామయ్య వున్నాడా?" అని అడిగిందట. దాంతో కోచికి ధైర్యం చిక్కింది.

తెలుగులో గురి అన్న మాట వుంది చూశారూ, దానికి లక్ష్యమనీ అర్థమే, నమ్మకమనీ అర్థమే. గురువు మీద గురి కుదిరిందంటాం. ఇంగ్లీషువాడికి ఈ రెంటికీ రెండు మాటలు కావాలి. మన పూర్వులకు రెండూ ఒకటేనని ఎందుకు తోచిందో నేను ఇన్నాళ్ళు క్లాసులో చెబుతూనే వున్నాను గాని, ఆ పిల్ల నోటుబుక్కు తిరగేస్తున్నప్పుడు కలిగినంత తృప్తి ఏ వ్యాకరణ గ్రంథంలోనూ కలగలేదు.

మిగతావి చిన్న సంగతులే గాని తెలిసి వుండవలసినవి. గాలి సిలిండరు మీద తేదీ చెక్కి వుంటుంది. గడువు దాటితే వాడరాదు, పోటీల్లో ఆ బాధ్యత ఆటగాడిదే. నింపేది పొడిగాలి మాత్రమే. ఆస్పత్రి ఆక్సిజను సిలిండరు దగ్గరుంది గదా అని దాంతో నింపితే, లోపల చమురు చుక్క వుంటే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో సాధన గుండు లేకుండానే. గోడ మీద చుక్క పెట్టుకుని వట్టి మీట లాగుతూ రోజూ అరగంట. గుళ్ళ డబ్బా వేరే గదిలో, తాళంలో. గొట్టంలో ఎప్పుడూ రంగు దారం ఒకటి దూర్చి వుంటుంది, గుండు లేదని చూసినవారికి తెలియడానికి. ఖాళీ తుపాకే అయినా మనుషుల వంక తిప్పకూడదు. ఈ చివరి నియమం నాయనమ్మగారు తమ చేతిలోకి తీసుకున్నారు. పెట్టె తాళంచెవి ఆవిడ బొడ్డున, బీరువా తాళాలతోపాటు వేలాడుతోంది. మేనమామ దసరాకు వస్తున్నాడని ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఆ గుత్తి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారట.

అమ్మాయి మళ్ళీ 600 దాటింది. పోయిన వారం 607. జిల్లా పోటీలు వచ్చే నెలలో. ఈమధ్య పిల్ల ఒక అంగుళం పొడుగెదిగింది గనక బట్ ప్లేటు కొంచెం వెనక్కి జరపాలన్నాడు కోచి. పోటీలకు ముందు జరపాలా, తరువాత జరపాలా అని ఆ ఇంట్లో ప్రస్తుతం పెద్ద చర్చ నడుస్తోంది. కొలవడానికని మా ఇంటినుంచి పట్టుకెళ్ళిన టేపు ఇంకా తిరిగి రాలేదు.